బడిలో వెలి

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మనకు ఉగాది. మన ఇరుగుపొరుగు మరాఠీ వారికి గుడీ పాడవా. వారు గుమ్మము ముందు వెదురుకర్రకు పట్టుగుడ్డ చుట్టి, చెంబు బోర్లించి నిలబెట్టారు. మనము మామిడాకుల తోరణము కట్టుకొన్నాము. తిథి ఒక్కటే, పండుగ పేర్లు రెండు. ఈ షోలాపూరులో తాతల నాటి నుంచి మనము ఇట్లాగే కలిసి బ్రతుకుతున్నాము. ఇటువంటి శుభదినమున పంచాంగ శ్రవణము, పద్యములు, పాటలు వినవలసిన వేళ ఒక చేదు సంగతి ఎత్తుకొన్నందుకు సభవారు మన్నించాలి. పచ్చడిలో వేపపువ్వు లేనిదే ఉగాది కాదు గదా అన్న ధైర్యముతో మొదలుపెడుతున్నాము.

మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదువుకొని, రైల్వే పార్సెలు ఆఫీసులో చీట్లు రాసుకొనే గుమాస్తాలము. అయినను ఆడపిల్లలున్న ఇండ్ల నడుమ కాపురము ఉంటున్నాము. ఆ ఇండ్లలో ఈ మధ్య తరచు వినవస్తున్న ఒక బాధను గురించి చదివి, నలుగురిని అడిగి తెలుసుకొన్నది మీ ముందు ఉంచుతున్నాము. బడిలో కొందరు ఆడపిల్లలు కలిసి తోటి ఆడపిల్లను ఒకతెను ఏరి, ఆమెతో మాటాడక, ఆటలో కలుపుకొనక, పేరు విరిచి నవ్వి, లేనిపోనివి పుట్టించి ఒంటరిని చేయుటే ఆ బాధ.

పార్సెలు ఆఫీసులో మాకు ఒక అలవాటు ఉన్నది. వచ్చిన పెట్టె మూల చితికినా, తాడు తెగినా, గోనె చిరిగినా వెంటనే కాగితము మీద రాస్తాము. పైకి నిక్షేపముగా ఉన్న పెట్టె మీద ఏమీ రాయము. సొంతదారుడు ఇంటికి పోయి విప్పితే గాని లోపలి గాజుసామాను పగిలిందని తెలియదు. మగపిల్లలు తన్నుకొంటే చొక్కా చిరుగుతుంది, మోచేయి గీరుకొంటుంది. తల్లి చూస్తుంది, మాస్టారు బెత్తము ఎత్తకపోయినా గొంతు ఎత్తుతాడు. మేము చెప్పే ఈ హింసకు పైకి గీత కూడా పడదు. అందుచేత దానిని ఎవరూ కాగితము మీద రాయరు.

ముందుగా ఒక భయము తీర్చాలి. పిల్లలు పోట్లాడుకోవడమే తప్పని మేము అనడము లేదు. పొద్దున చిటికెనవేలు చూపి "నీతో కచ్చి" అనుకొని, సాయంత్రానికి జట్టు కట్టని బాల్యము ఎక్కడ ఉన్నది? మరాఠీ పిల్లలకూ కట్టీ, బట్టీ అని ఇవే రెండు మాటలు ఉన్నవి. కచ్చిలో ఇద్దరూ సమానులు. ఇద్దరికీ కోపము వస్తుంది, ఇద్దరికీ దిగులు వేస్తుంది. స్వీడనులో పుట్టి నార్వేలో పనిచేసిన డాన్ ఓల్వేయుస్ (1931–2020) అనే మనశ్శాస్త్రజ్ఞుడు ఈ విషయము మీద జీవితమంతా కృషి చేశాడు. వట్టి కొట్లాటను ఈ హింసను వేరుచేసి చూచుటకు ఆయన మూడు గుర్తులు చెప్పాడు. బాధించాలని తెలిసి చేయుట ఒకటి. అదే పని మళ్ళీ మళ్ళీ చేయుట రెండు. బాధపడే బిడ్డకు ఎదురు నిలిచే బలము లేకపోవుట మూడు. నలుగురు ఒకవైపు, ఒక్కతె ఒకవైపు అయినప్పుడు అది కచ్చి కాదు. మన పెద్దల భాషలో దానికి వేరే పేరు ఉన్నది. అది వెలి.

ఈ వెలి ఎట్లా నడుస్తుంది? బెంచీ మీద చోటు ఉన్నా సంచి పెట్టి "ఇక్కడ ఒకరు వస్తారు" అంటారు. ఆ పిల్ల రాగానే మాట ఆపి, ఆమె దాటిపోగానే నవ్వుతారు. డబ్బాలు విప్పి వలయముగా కూర్చున్నప్పుడు ఆమె వైపు వీపులు ఉంటాయి. పుట్టినరోజు చాక్లెట్టు అందరికీ పంచి ఆమె దగ్గరకు వచ్చేసరికి "అయిపోయినవి" అంటారు. నిన్న రహస్యముగా చెప్పిన సంగతి నేడు తరగతి అంతటికీ తెలుస్తుంది. ఇప్పుడు చేతికి ఫోను వచ్చింది. తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో నుంచి రాత్రి తొమ్మిది గంటలకు ఒక పేరు తీసివేస్తారు. పూర్వము బడిగంట కొడితే ఈ బాధ ఆనాటికి ముగిసేది. ఇప్పుడు అది ఇంటి దాకా, పక్క మీద తలగడ దాకా వస్తున్నది. వీటిలో ఏ ఒక్కటి తీసుకొని హెడ్మాస్టరుతో చెప్పినా "ఇంతేనా" అంటారు. దినదినము, నెలల తరబడి, అన్నీ ఒక్క బిడ్డ మీదనే పడినప్పుడు ఎంత బరువు అవుతుందో మోసే ఆ బిడ్డకే తెలుసు.

చాలా కాలము పండితులు కూడా దీనిని లెక్కలోకి తీసుకోలేదు. కొట్టుట, తిట్టుట మాత్రమే హింస అనుకొన్నారు. 1988లో ఫిన్లాండు దేశపు తుర్కు పట్టణములో కిర్స్తి లాగెర్‌స్పెట్స్ అనే విదుషి తన సహచరులతో కలిసి 11, 12 ఏండ్ల పిల్లలను పరిశీలించి, చాటున జరిగే ఈ హింస ఆడపిల్లలలో ఎక్కువగా కనబడుతున్నదని ప్రకటించింది. 1995లో అమెరికాలో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ అనే ఇద్దరు 491 మంది పిల్లల మీద పరిశోధన చేసి, స్నేహమునే ఆయుధముగా చేసి కొట్టే ఈ పద్ధతికి శాస్త్రములో ఒక స్థానము కల్పించారు.

ఇది విని "ఆడపిల్లల బుద్ధే అంత" అని ఎవరైనా తలపంకిస్తే అది అన్యాయము. 2008లో 148 పరిశోధనలను ఒకచోట చేర్చి చూచినప్పుడు, చాటుగా బాధించుటలో మగపిల్లలకు ఆడపిల్లలకు ఉన్న తేడా చాలా స్వల్పమని తేలింది. మగపిల్లలు కొట్టడము ఎక్కువ, అది పైకి కనబడుతుంది. ఆడపిల్లను చిన్ననాటి నుంచి గట్టిగా అరవవద్దు, చేయి ఎత్తవద్దు, కోపము చూపవద్దు అని పెంచుతాము. కోపము మాత్రము మనిషికి పుట్టక మానదు. ముందు ద్వారము మూస్తే అది పెరటి ద్వారమున వెళుతుంది. కనుక తప్పు జాతిది అనుకొనవద్దు. చేసిన పనిని చూచి దిద్దుకొందాము.

"మాటాడకపోతే చచ్చిపోతుందా, పట్టించుకోకుంటే సరి" అనే పెద్దలు కూడ ఉన్నారు. 2003లో అమెరికాలో నయోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు ఒక ప్రయోగము చేశారు. మనిషిని మెదడు ఫోటోలు తీసే యంత్రములో పడుకోబెట్టి, తెర మీద మరి ఇద్దరితో బంతి ఆట ఆడించారు. కొంతసేపటికి ఆ ఇద్దరూ ఇతనికి బంతి వేయడము మానుకొంటారు. అంతే. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఐనప్పటికీ శరీరమునకు నొప్పి కలిగినప్పుడు పనిచేసే మెదడు భాగములలో కొన్ని ఆ సమయమున పనిచేసినవి. ముఖము తెలియని వారితో ఆడిన కొద్ది నిమిషముల ఆటలోనే పెద్దవారికి అట్లా ఉంటే, రోజూ ఒకే గదిలో కూర్చునే పన్నెండేండ్ల పిల్లకు ఎట్లా ఉంటుందో తల్లులే చెప్పాలి.

ఇక మన సంగతికి వద్దాము. పొరుగు భాష బడిలో చదివే మన బిడ్డలకు వేలు పెట్టి చూపించుకొనే గుర్తులు మరి కొన్ని ఉన్నవి. తెలుగులో "నేను వచ్చాను" అని మగవాడూ అంటాడు, ఆడదీ అంటుంది. మరాఠీలో మగవాడు "మీ ఆలో" అనాలి, ఆడది "మీ ఆలే" అనాలి. ఇంట్లో తెలుగు మాటాడే ఆడపిల్ల కొత్తగా బడిలో చేరి తొందరలో "మీ ఆలో" అన్నదంటే, ఆ నాటి నుంచి ఆమెకు "అబ్బాయి" అని పేరు పడవచ్చు. ఒకసారి నవ్వితే నవ్వు. ఏడాది పొడుగునా నవ్వితే ఆ బిడ్డ నోరు విప్పడము మానుతుంది. నోరు విప్పని బిడ్డకు భాష వచ్చేది ఎప్పుడు?

పరాయివారు మన వారిని నవ్వారన్న ఫిర్యాదు చేయడానికి మాత్రము మేము ఇక్కడ నిలబడలేదు. మన వారు మన వారికి ఏమి చేస్తున్నారో కూడా చెప్పాలి.

మా పేటలో ఒక ఇల్లు ఉన్నది. బడి పేరు, మనుష్యుల పేర్లు చెప్పము. ఆ తల్లి అనుమతి తీసుకొనే ఈ మాత్రము చెబుతున్నాము. తండ్రి మరమగ్గాల మీద పనివాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. ఈ ఊళ్ళో బీడీ పని చేసే స్త్రీలు వేలాదిమంది ఉన్నారు, అందులో తెలుగువారే ఎక్కువ. వారి చేతుల మీద ఎన్నో కుటుంబములు నిలిచినవి. 2006లో కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీల కొరకు 10,000 ఇండ్ల కాలనీ లేచిందంటే అది వారి పట్టుదల వల్లనే. అది మనకు గర్వకారణము. అయితే చుట్టే ఇంట్లో పొగాకు వాసన గోడలకు, గుడ్డలకు పడుతుంది. పిల్ల యూనిఫారమునకు కూడా పడుతుంది.

ఆ పిల్ల ఏడవ తరగతి. ఆమె వచ్చి కూర్చోగానే ఒకతె ముక్కు పట్టుకొన్నది. రెండవ నాడు నలుగురు పట్టుకొన్నారు. వారములో అది ఒక ఆట అయింది, "బీడీ" అన్నది ఆమెకు పేరు అయింది. ఆ వరుసలో ఇద్దరు తెలుగు పిల్లలు, జీతగాళ్ళ ఇండ్లవారు, ఉన్నారు. అందులో ఒకతె సాయంత్రము సందు మొదట్లో కలిస్తే ఈమెతో తెలుగులో చక్కగా మాటాడేది. బడి గేటు దాటి లోపలికి వస్తే ఈమె తెలుగు మాట తనకు వినబడనట్టు, అసలు తనకు తెలుగే రానట్టు ఉండేది. ముక్కు పట్టుకొన్నవారి కంటె ఆ పిల్ల వల్లనే తనకు ఎక్కువ దుఃఖము కలిగిందని తరువాత బిడ్డ తల్లితో చెప్పిందట.

ముందు డబ్బా మానింది. "నాకు డబ్బా వద్దమ్మా, బడిల ఆకలైతలేదు" అన్నది. "కూర మంచిగ లేదా బిడ్డా?" అని తల్లి అడిగితే మాటాడలేదు. తరువాత ప్రతి రాత్రి తన యూనిఫారము తానే ఉతకడము మొదలుపెట్టింది. వానకాలములో ఆరని గుడ్డలే తొడుక్కొని పోయేది. పిల్లకు పని వచ్చిందని తల్లి సంతోషపడింది. జ్వరము వచ్చి పడుకొన్న నాడు గాని అసలు సంగతి బయటపడలేదు.

తల్లి బడికి పోయింది. టీచరుగారు మంచివారే. తరగతిలో నిలబడి అందరినీ మందలించారు. మూడు రోజులు ముక్కు పట్టుకోవడము ఆగింది, మాటాడకపోవడము ఆగలేదు. ఎందుకు మాటాడరు అని ఏ టీచరు శిక్షించగలరు? ఒక సోమవారము మాత్రము వెనుక బెంచీలోని ఒక మరాఠీ పిల్ల, తరగతిలో పెద్ద పేరున్న పిల్ల కూడా కాదు, తన సంచి తెచ్చి ఈమె పక్కన పెట్టుకొని కూర్చున్నది. మధ్యాహ్నము డబ్బా తెరిచి భాకరీ విరిచి సగము ఇచ్చింది. ఉపన్యాసము ఏమీ చెప్పలేదు. రెండు వారాలలో మరి ఇద్దరు వచ్చి చేరారు. కొందరు సంవత్సరాంతము వరకు మాటాడనే లేదు. ఐనా ఆ బిడ్డ డబ్బా తీసుకొని పోవడము మళ్ళీ మొదలుపెట్టింది.

ఈ సంగతి వినగానే మాకు ఒక పుస్తకము గుర్తుకు వచ్చింది. అమెరికా రచయిత్రి ఎలినార్ ఎస్టెస్ 1944లో ప్రకటించిన "ది హండ్రెడ్ డ్రెసెస్", అనగా నూరు గౌనులు. మన కేంద్ర బోర్డు పదవ తరగతి ఇంగ్లీషు వాచకములో చాలా ఏండ్లు ఇది పాఠముగా ఉండేది, మీ పిల్లలలో పెద్దవారు కొందరు చదివే ఉంటారు. అందులో పిల్ల పేరు వాండా పెట్రాన్‌స్కీ. పోలండు నుంచి వలస వచ్చిన కుటుంబము, తల్లి లేని బిడ్డ. నోరు తిరగని పేరు. రోజూ అదే వెలిసిన నీలి గౌను, ఉతికినదే గాని ఇస్త్రీ సరిగా లేనిది. ఒకనాడు నా దగ్గర నూరు గౌనులు ఉన్నవి అన్నది. ఆ నాటి నుంచి పెగ్గీ అనే పిల్ల రోజూ ఆమెను ఆపి ఎన్ని గౌనులు, ఎన్ని జోళ్ళు అని అడిగేది, చుట్టూ అందరూ నవ్వేవారు. చివరకు ఆ తండ్రి పిల్లలను తీసుకొని పెద్ద పట్నమునకు వెళ్ళిపోతాడు. వాండా చెప్పిన నూరు గౌనులు ఆమె గీసిన నూరు బొమ్మలని తరువాత తరగతికి తెలుస్తుంది.

ఆ కథలో మాకు ముఖ్యముగా తోచినది వాండా కాదు, పెగ్గీ కూడా కాదు. మ్యాడీ అనే మూడవ పిల్ల. ఆమె పెగ్గీకి ప్రాణస్నేహితురాలు. వాండాను అడుగుతున్నప్పుడు పక్కనే నిలబడి ఉంటుంది, ఒక్క మాట అనదు. అది తప్పని ఆమెకు తెలుసు. ఆపుదామంటే భయము. ఎందుకనగా ఆమె కూడా పేదది, ఒకరు తొడిగి విడిచిన గౌనులు తొడుక్కొనే పిల్ల. నేడు వాండాను విడిచిపెడితే రేపు తన గౌను మీదికి మాట వస్తుందని భయము. మన తెలుగు పిల్ల బడి గేటు లోపల తెలుగు రానట్టు నటించినది కూడా ఇందుకే. ఆమె క్రూరురాలు కాదు, జడిసిన పిల్ల. తననూ ఆ లెక్కలో కలుపుతారేమోనని జడిసింది. వలస వచ్చిన కుటుంబములలో ఈ జడుపు తరతరములుగా ఉన్నది. పొరుగువారి మెప్పు కొరకు మన వారిలో ఒక మెట్టు కింద ఉన్న వారిని మనమే దూరము పెట్టుకొంటాము.

మేము చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ ఉన్నది. బాధపెట్టే పిల్ల ఒకతె, బాధపడే పిల్ల ఒకతె. తరగతిలో మిగతా వారందరూ మూడవ పిల్లలు. ఈ జబ్బుకు మందు వారి దగ్గర ఉన్నది. కెనడా దేశపు టొరాంటో నగరములో డెబ్రా పెప్లర్, ఆమె సహచరులు బడి ఆటస్థలములలో కెమేరాలు పెట్టి చూచి 2001లో ఫలితము ప్రకటించారు. నూటికి 88 సందర్భములలో ఇతర పిల్లలు అక్కడే ఉండి చూస్తున్నారు. కలుగజేసుకొన్నది 19 సందర్భములలో మాత్రమే. కలుగజేసుకొన్నప్పుడు సగము కంటె ఎక్కువ పర్యాయములు, నూటికి 57 వంతున, పది సెకండ్లలో ఆ హింస ఆగిపోయింది. పది సెకండ్లు! ప్లాట్‌ఫారము మీద గార్డు ఈల వేసి జెండా ఊపేంత సేపు. ఫిన్లాండులో 2009 నుంచి దేశమంతటా నడిపిన "కివా" అనే కార్యక్రమము కూడా ముఖ్యముగా ఈ చూచే పిల్లల మనస్సు మార్చుట మీదనే నిలిచింది.

ఈ మూడవ పిల్ల ఎక్కడ తయారవుతుంది? మన ఇండ్లలోనే. పిల్ల అరుగు మీద కూర్చుని హోమ్‌వర్కు చేసుకొంటూ ఉంటుంది, మనము లోపల మాటాడుకొంటాము. "వాళ్ళ ఇంటికి పోకు, బీడీల వాసన." "మొన్న మొన్న వచ్చినవారు, వాళ్ళతో మనకేమి?" "ఆ పిల్ల నలుపు, పక్కన నిలబడితే ఫోటో బాగుండదు." సంక్రాంతి తరువాత హల్దీ కుంకుమానికి ఎవరిని పిలవాలి అని లెక్క వేసుకొన్నప్పుడు ఎవరి పేరు విడిచామో పిల్లలు వింటూనే ఉంటారు. పిలవకపోవుట అనే శిక్ష ఒకటి ఉన్నదని వారికి ఎవరూ ప్రత్యేకముగా నేర్పనక్కరలేదు.

మన పూర్వులు వెలి అనే మాటకు ఎంత భయపడేవారో పెద్దలకు తెలుసు. వెలివేసిన ఇంటికి నిప్పు లేదు, నీరు లేదు, పిలుపు లేదు. మన మహారాష్ట్ర ప్రభుత్వము ఈ సాంఘిక బహిష్కారమును నేరముగా ఎంచి 2016లో చట్టము చేసింది. 2017 జూలై నుంచి అది అమలులో ఉన్నది. పెద్దలు ఒక కుటుంబమును వెలివేస్తే మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుల్మానా, లేక రెండూ పడవచ్చు. పిల్లలను జైలులో పెట్టమని మేము అనము. పెద్దలకు నేరమైన పని పిన్నలకు ఆట కాకూడదని మాత్రము అంటాము.

ఇప్పుడు చేయవలసిన పనులు కొన్ని చెబుతాము.

బాధపడే బిడ్డ మీ ఇంట్లో ఉంటే గుర్తులు ఇవి. సోమవారము పొద్దున కడుపునొప్పి వస్తుంది, ఆదివారము రాదు. డబ్బా నిండుగా తిరిగి వస్తుంది, లేదా ఆమెయే వద్దంటుంది. దగ్గర దారి విడిచి చుట్టు దారిన వస్తుంది. పెన్సిళ్ళు, పుస్తకములు పోయినవంటుంది. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. అప్పుడు "నీవేమి చేశావు, నలుగురూ నిన్నే ఎందుకు అంటారు?" అని అడగవద్దు. ఆ ఒక్క ప్రశ్నతో ఇల్లు కూడా ఆ నలుగురిలో చేరుతుంది. ముందు పూర్తిగా వినండి. వెంటనే ఎదుటివారి ఇంటి మీదికి కొట్లాటకు పోవద్దు. మా గుమాస్తా బుద్ధి ఒకటి చెబుతాము: ఒక నోటు పుస్తకము పెట్టి తేదీ, చోటు, జరిగినది, అక్కడ ఉన్నవారు, ఈ నాలుగు రాయండి. ఫోనులో వచ్చినవి చెరపకుండా ఉంచండి. "మా పిల్లను ఏడిపిస్తున్నారండీ" అని పోతే టీచరు ఓదార్చి పంపుతారు. పది తేదీలు చూపితే కూర్చోబెట్టి వింటారు. పిల్లకు చెప్పే పోండి, ఆమెకు తెలియకుండా పోవద్దు.

బాధపెట్టిన పిల్ల మీ ఇంట్లో ఉన్నదని కబురు వస్తే ఇది మరింత కష్టము. "మా పిల్ల అటువంటిది కాదు" అన్న మాట నోటి చివర ఉంటుంది. దానిని కొంచెము సేపు ఆపుకోండి. కొట్టవద్దు. బలము ఉన్నవారు లేనివారిని బాధించవచ్చునన్న పాఠమే కొట్టుడు మళ్ళీ నేర్పుతుంది. నీవు చేసినది ఇది, దాని వల్ల ఆమెకు జరిగినది ఇది, దీనిని ఎట్లా సరిచేస్తావు అని నెమ్మదిగా, గట్టిగా అడగండి. నలుగురిలో బలవంతపు క్షమాపణ కంటె, మరునాడు బెంచీ మీద చోటు ఇచ్చుట మేలు.

ఇక మూడవ పిల్లలారా, ముందు వరుసలో ఉన్న తల్లులారా, ఇది మీతోనే. మిమ్ములను యుద్ధము చేయమని ఎవరూ అడగరు. నవ్వు వచ్చే చోట నవ్వకండి. అది మొదటిది. ఆ పిల్లను ఆమె సొంత పేరుతో పిలవండి. మీ సంచి తెచ్చి పక్కన పెట్టుకోండి. ఒక్కరికి భయమైతే ఇద్దరు కలిసి పోండి. టీచరుతోనో అమ్మతోనో చెప్పండి. అది చాడీ కాదు. ఒకరిని తన్నించడానికి చెప్పేది చాడీ. ఒకరిని కాపాడటానికి చెప్పేది చాడీ ఎట్లా అవుతుంది?

బడి విషయములో మనకు హక్కులు ఉన్నవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ఏ బిడ్డనూ శారీరక శిక్షకు గాని మానసిక హింసకు గాని గురిచేయరాదని అంటున్నది. టీచరే పిల్ల భాషను, ఇంటి పనిని ఎగతాళి చేస్తే ఆ సెక్షను చూపవచ్చు. అదే చట్టము కింద ప్రభుత్వ బడులలో, ఎయిడు పొందే బడులలో నిర్వాహక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు, మొత్తము మీద సగము మంది స్త్రీలు ఉండాలి. మన తల్లులు మరాఠీ సరిగా రాదని ఆ సమావేశములకు పోవడము లేదు. పొండమ్మా, వచ్చినంత మాటాడండి. బిడ్డ మరీ కుంగిపోయి, చచ్చిపోతాను అనే మాట నోట వస్తే అది బెదిరింపు అనుకొని విడిచిపెట్టవద్దు. ఆమెను ఒంటరిగా ఉంచక డాక్టరు దగ్గరకు తీసుకొని పోండి. పిల్లల సహాయమునకు 1098, మనోవ్యాధుల సలహాకు 14416 అనే ఫోను నంబర్లు ఉన్నవి. డబ్బు అక్కరలేదు.

చివరగా మన సంఘము వారికి రెండు మనవులు. మన ఉత్సవములలో కోలాటమునకు, నాటికకు పిల్లలను "మీ జట్టు మీరే ఎంచుకోండి" అంటాము. ఎంచుకోగా ఎంచుకోగా చివరకు ఒక పిల్ల మిగులుతుంది. ప్రతి ఏడాది దాదాపు అదే పిల్ల మిగులుతుంది. వచ్చే ఉగాదికి జతలను చీట్లు వేసి కలపండి. క్వార్టర్స్ పిల్ల చేతి కోలకు బీడీ ఇంటి పిల్ల చేతి కోల తగలనివ్వండి. రెండవది, హల్దీ కుంకుమము సంఘము పేరిట ఒకటి జరపండి. దానికి పిలుపు చీట్లు ఉండవద్దు, గుమ్మము తెరిచి ఉంచండి, వచ్చిన ప్రతి స్త్రీకి బొట్టు పెట్టండి. పిల్లలను కూడా వెంట తీసుకొని రండి, వారు చూడాలి.

కార్యవర్గము వారు ఈ రెండింటిని వచ్చే సమావేశములో చర్చకు పెట్టగలరని ఆశిస్తున్నాము. చీట్లు రాసే పని మాకు ఇవ్వండి, అది మాకు బాగా అలవాటే.

 కొత్త సంవత్సరము మీ ఇంటి ఆడపిల్లలందరికీ శుభములు కలుగజేయు గాక.